దీపములు మనవి, తాళపుచెవి యెవరిది?

గోదావరి సీమలో ఇది కట్టడముల కాలము. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినది మొదలు రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము, ఏలూరు అను అయిదు పట్టణములును జిల్లా కేంద్రములే. జిల్లా కేంద్రమనగా కలెక్టరు కచేరి, దాని వెంట పలుశాఖల కచేరీలు, సమావేశ మందిరములు, వసతి గృహములు. వానికి తోడు పురపాలక సంఘముల భవనములు, కళాశాలల క్రొత్త తరగతి గదులు, పెద్ద గ్రామములన్నింటను లేచుచున్న కల్యాణమండపములు. ఈ కట్టడములకు సున్నము వేయకమునుపే ఒక క్రొత్త వర్తకుడు రంగుల పుస్తకము చేతబూని వాకిట నిలుచుచున్నాడు. ఇతడు దీపములమ్మువాడు కాడు. దీపములను ఏలు సాఫ్టువేరు నమ్మువాడు.

ఆ పుస్తకపు నడిమి పుట తెఱచిన నొక పట్టిక కనబడును. ఎడమ ప్రక్కను గుణముల జాబితా. కుడి ప్రక్కను మూడు నాలుగు నిలువు వరుసలు. మొదటిది చిన్న కూర్పు, పిమ్మట మధ్యమ కూర్పు, ఆపైని వృత్తినిపుణుల కూర్పు, అన్నిటికిని మీదుగా మహాసంస్థల కూర్పు. వేళకు దీపము వెలిగించుట అన్నింటను కలదు. మనుష్యుడు లేని గదిలో దీపమార్పుట రెండవదాని నుండి కలదు. నెలకొకసారి కరెంటు లెక్క రంగుల బొమ్మలలో చూపుట మూడవదానను, చేతి ఫోనులో నుండి యెక్కడనున్నను మీట నొక్కుట నాలుగవదానను కలవు. మన పురపాలక సభ్యులును కట్టడపు సంఘములవారును ఈ పట్టికను ముందిడుకొని, సంతలో ఎద్దు పండ్లు లెక్కించినట్లు టిక్కుగుర్తులు లెక్కించి, గుర్తు లెక్కువ గల వరుసకు చేయెత్తుచున్నారు. సొమ్ము ప్రజలది గావున ఎత్తిన చేయి బరువనిపింపదు.

పోలిక చేయుట తప్పని మేమనము. సరకు చూడకుండ కొనువానికంటె చూచి కొనువాడు మేలు. కాని ఈ పట్టికలో వ్రాయబడని వరుస యొకటి కలదు. వర్తకుడు దానిని వ్రాయడు, మనవారు దానిని అడుగరు. కంపెనీ మూతపడిననాడు, కాంట్రాక్టరు ఊరు విడిచిననాడు, ఈ భవనములోని దీపములను ఆర్పగలవాడెవడు? మార్పు చేయగలవాడెవడు? ఆ అధికారము ఏ కాగితములో, ఏ ఫైలులో, ఏ రహస్య సంఖ్యలో దాగియున్నది? అది యెవరి బీరువాలో నుండును? ఈ ప్రశ్నలకు బదులు చెప్పని కూర్పు, దానికి నూరు టిక్కుగుర్తులున్నను, మన పట్టణములకు తగదని మా వాదము.

ఈ యంత్రాంగమే వలదనువారిలో మేము లేము. 2001లో పార్లమెంటు విద్యుచ్ఛక్తి మొదలగువాని పొదుపునకై ఇంధన పరిరక్షణ చట్టము చేసినది. దాని క్రింద 2007లో భవనములకొక నియమావళి వెలువడినది. 2017లో అది సవరింపబడినది. అవిభక్త ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2014 జనవరిలోనే దానిని తన రాష్ట్రమునకు తగినట్లు మార్చి అమలునకు తెచ్చినది. నూరు కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గాని, 120 కె.వి.ఏ. కాంట్రాక్టు డిమాండు గాని గల పెద్ద వాణిజ్య భవనములలో దీపములు తమంతట తామే ఆరునట్టి ఏర్పాటుండవలెనని ఈ నియమావళి చెప్పుచున్నది. ఇది మంచి మాట. ఏ కచేరికైన మిట్టమధ్యాహ్నము పోయి చూడుడు. వరండాలో ఎండ కన్నులు మిఱుమిట్లు గొలుపుచుండ పైన గొట్టపు దీపము వెలుగుచుండును. లోపల రికార్డు గదిలో బంట్రోతు చేతిదీపముతో కట్టలు వెదకుచుండును. ఇరువదేండ్ల క్రిందటను ఇంతే, నేడును ఇంతే.

నష్టమెంతయో అంకెలలో చూతము. ఒక కచేరిలో 36 వాట్ల దీపములు 200 కలవనుకొందము. అన్నియు వెలిగిన 7.2 కిలోవాట్లు. దినమునకు నాలుగు గంటలు వృథాగా వెలుగుననియు, ఏడాదికి 300 పనిదినములనియు లెక్కించిన 8,640 యూనిట్లు. యూనిటు ఎనిమిది రూపాయలని కొందమా, 69,120 రూపాయలు. ఇది చిన్న మొత్తము కాదు. అయితే ఇది ఆ భవనమున దీపముల యాజమాన్యము వలన మిగులగల మొత్తమునకు పైహద్దు కూడ. సాఫ్టువేరునకు ఏటేట చెల్లింపవలసిన లైసెన్సు రుసుము ఈ హద్దును దాటినయెడల కరెంటు మిగిల్చి ధనమును పారబోసితిమన్నమాట. టిక్కుగుర్తులు లెక్కించు సభలలో ఈ ఒక్క గుణకారము జరుగుట మేము చూడలేదు.

ఇక కూర్పుల సంగతి. ఊహాపోహలతో పనిలేకుండ, ఐరోపాలోను మన మహానగరములలోను వాడుకలోనున్న పద్ధతి నొకదానిని తీసికొందము. కె.ఎన్.ఎక్స్. అను పద్ధతికి మూలము 1990లో ఐరోపా విద్యుత్పరికర సంస్థలు కొన్ని కూడి బ్రస్సెల్సు నగరమున నెలకొల్పిన సంఘము. 2006లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. గోడమీది మీట, కప్పుమీది సెన్సారు, ప్యానెలులోని నియంత్రకము, ఇవి వేర్వేరు కంపెనీలు చేసినవైనను ఒకే సన్నని తీగపై ఒకదానితో నొకటి మాటలాడుకొనును. ఏ మీట ఏ దీపమును వెలిగింపవలెనో ముందుగా ఒకసారి వానికి బోధింపవలెను. ఆ బోధనకు ఆ సంఘమువారి ఇ.టి.ఎస్. అను సాఫ్టువేరు కావలెను. 2021లో వెలువడిన దాని యారవ అవతారమునకు నాలుగు కూర్పులు. ఉచితముగా నిచ్చునది అయిదు పరికరముల వఱకు, చిన్న కూర్పు ఇరువది వఱకు, గృహస్థులకు ఉద్దేశించినది అఱువదినాలుగు వఱకు, వృత్తినిపుణులది హద్దులేనిది. ఈ కడపటిదాని వెల సుమారు వేయి యూరోలు.

ఇరువది పరికరములన్న మాట వినగానే మన సభ్యుడు, మా భవనములో రెండువందల దీపములున్నవే, ఇరువదెక్కడ చాలును, పెద్దదే కొనుడు, అనుచున్నాడు. ఇక్కడనే మోసపోవుట. పరికరమనగా దీపము కాదు. దీపములకు డాలీ అను వేఱొక ప్రమాణము కలదు. రెండు తీగలపై 64 దీపములకు విడివిడిగా చిరునామా లిచ్చి, ఒక్కొక్కదానిని వెలిగింపవచ్చును, తగ్గింపవచ్చును. ఆ 64 దీపముల వరుసను కె.ఎన్.ఎక్స్. తీగకు కలుపు పెట్టె యొక్కటే; లెక్కకు అదియొక పరికరము. నాలుగు పెట్టెలున్న 256 దీపములు. ఇరువదిలో నాలుగు పోగా ఇంకను పదునాఱు మిగిలినవి. మీటలకును సెన్సారులకును వానిని వాడుకొనవచ్చును. గదులు తక్కువై శాలలు పెద్దవైన కల్యాణమండపమునకు ఇరువది చాలిపోవచ్చును. గదికొక మీట కావలసిన కచేరికి చాలకపోవచ్చును. ఏది చాలునో తెలియవలెనన్న పటము ముందిడుకొని గదులు లెక్కింపవలెను. దీపములు లెక్కించి కూర్పు కొనువాడు, గింజలు లెక్కించి బండ్లు కట్టించు రైతు వంటివాడు.

దీనికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఈ పద్ధతిలో పరికరములకు ఒకసారి బోధ జరిగిన పిమ్మట సాఫ్టువేరుతో నిత్యము పనిలేదు. ప్రతి మీటయు ప్రతి నియంత్రకమును తన పాఠమును తన కడుపులోనే దాచుకొనును. కంప్యూటరు కట్టివేసినను, ఇంటర్నెట్టు తెగిపోయినను, మీట నొక్కిన దీపము వెలుగును. అట్లయిన ఇ.టి.ఎస్. ఎవరికి కావలెను? బోధించు పనివానికి కావలెను. అతడు దానితో ఈ ఏడు మన భవనము, మఱునాడు మఱియొకరి భవనము సిద్ధముచేయును. ఇల్లు కట్టిన మేస్త్రీ తాపీకి ఇంటివాడు వెల యిచ్చు ఆచారము గోదావరికి ఈవల గాని ఆవల గాని లేదు. మఱి వృత్తినిపుణుల కూర్పు వెల మన బిల్లులో ఎందుకు చేరుచున్నది? చేరినయెడల ఆ లైసెన్సు ఎవరి పేరనున్నది? బిల్లు కట్టినవారు అడిగి తెలిసికొనవలసిన మాటయే గదా!

తాపీ మేస్త్రీదే గాని ఇంటి పటము ఇంటివానిది. దీపముల పనిలో ఆ పటమును ప్రాజెక్టు ఫైలు అందురు. ఏ మీటకు ఏ చిరునామా, ఏ సెన్సారు ఎంతసేపటికి దీపమార్పవలెను అను సంగతులన్నియు దానిలో నుండును. పరికరములలోనుండి దానిని వెనుకకు రాబట్టుట మిగుల కష్టము, రాబట్టినను అసంపూర్ణము. పైగా పనివాడు తలచుకొన్నచో పరికరములకొక రహస్య సంఖ్యను తగిలింపవచ్చును. అది తెలియనివాడు వానిలో ఒక్క అక్షరము మార్చలేడు. సంఖ్య పోయినచో కొన్నింటిని తయారుచేసినవారి యొద్దకే తిరిగి పంపవలసి వచ్చును. ప్రమాణము లోకమంతటికిని తెఱచిన తలుపే. కాని మన గడపకు వచ్చునప్పటికి ఒక కాంట్రాక్టరు దానికి తన తాళము వేసికొని పోవుచున్నాడు.

డెల్టాలోని ఒక పట్టణమున మేమెఱిగిన సమావేశ మందిర మొకటి కలదు. పేరు చెప్పము. కట్టిన కొన్నియేండ్లకు నడిమి గోడ తీసివేసి రెండు గదులను ఒక శాల చేసిరి. ఇప్పుడొక మీట నొక్కిన సగము శాల వెలుగును. తక్కిన సగమునకు ఆవలి మూలకు పోయి వేఱొక మీట నొక్కవలెను. ఉపన్యాసము సాగుచుండగా, సభికులు కదలక మెదలక వినుచుండిరన్న అపరాధమునకు, సెన్సారు ఆ గది ఖాళీయని తలచి దీపములార్పును. అంతట వెనుక వరుసలోని పెద్దమనుష్యులు చేతులు గాలిలో నూపుదురు. మార్చుటకు ఒక గంట పని. ఫైలు లేదు. పనిచేసినవాడు వేఱొకరికి లోపాయికారిగా పనిచేసినవాడట, ఆ వేఱొకరు నగరమునకు పోయిరట. క్రొత్తగా పిలిచిన ప్రతివాడును మొదటినుండి చేయవలెనని చెప్పి మొదటినాటి వెలయే అడుగుచున్నాడు. టెండరు కాగితములు మేము చదివితిమి. దీపములెన్నియో, తీగ యెన్ని మీటర్లో, గోడకు రంగేదో సర్వము వ్రాయబడినది. ఫైలు సంగతి ఒక్క పంక్తి లేదు.

ఇంతవఱకు చెప్పినది మంచి జాతి సరకును గూర్చి. ఇంకొక జాతి కలదు. దానిలో దీపములకు స్వంత బుద్ధి యుండదు. బుద్ధియంతయు ఒక కేంద్ర కంప్యూటరులోనో, ఎక్కడనో దూరదేశమునందలి సర్వరులోనో ఉండును. కూర్పును కొనుట కాదు, ఏటేట అద్దెకు తీసికొనుట. దీపములెన్నియో, చూచువారెందఱో, అంతస్తులెన్నియో, అంత అద్దె. పట్టికలలో మిక్కిలి కన్నుల పండువుగా నుండునది ఈ జాతియే. దీని ఫలితమెట్టిదో అమెరికా సంయుక్తరాష్ట్రములలో కనబడినది.

మసాచుసెట్సు రాష్ట్రమున విల్‌బ్రహామ్ అను ఊరిలో మిన్నెచాగ్ ఉన్నత పాఠశాల కలదు. 2012 ప్రాంతమున కట్టిన క్రొత్త భవనము. కరెంటు పొదుపునకని అందులోని సుమారు 7,000 దీపములను ఒకే సాఫ్టువేరు చేతిలో పెట్టిరి. 2021 ఆగస్టులో ఆ సాఫ్టువేరు చెడినది. చెడినప్పుడు దీపములు చీకటి చేయకుండ వెలుగుచునే యుండునట్లు ఏర్పాటు; అది క్షేమమునకే. కాని ఆర్పుటకు మార్గము లేదు. పగలును రాత్రియు, సెలవులలోను, ఆ దీపములు ఏడాదిన్నర కాలము వెలుగుచునే యుండెను. నెలకు వేలకొలది డాలర్లు అదనపు ఖర్చు. ఉపాధ్యాయులు తమ తరగతులలో కొన్ని దీపములను చేతితో ఊడదీసికొనిరి. వీలైనచోట్ల బ్రేకరులు ఆపిరి. ఆ యేర్పాటు చేసిన కంపెనీ ఈ నడుమ పలుమార్లు చేతులు మాఱియుండుటచేత, సంగతి తెలిసినవానిని వెదకి పట్టుటకే కాలము పట్టినది. కావలసిన భాగములు చైనానుండి రావలసివచ్చి మఱియు ఆలస్యమైనది. పొదుపు చేయుటకు కొన్న యంత్రమే దుబారా చేసినది. ఒక గోడమీట, నాలుగణాల మీట యనుడు, ఆ భవనమున ఉండియుండిన ఈ కథ లేదు.

ఇది యొక్కటే యని త్రోసివేయరాదు. రివాల్వ్ అను పెట్టె ధర 300 డాలర్లు. ఇంటి దీపములను నడుపునది. జీవితకాల సేవ దాని వెలలోనే చేరియున్నదని చెప్పి అమ్మిరి. ఆ కంపెనీని 2014లో నెస్టు అను సంస్థ కొన్నది. 2016 మే నెలలో సర్వరు ఆపివేసిరి. పెట్టె ఇటుకరాయి యైనది. జీవితకాలమనిన మన జీవితమని కొన్నవారు తలచిరి, కంపెనీ జీవితమని అమ్మినవారు తలచిరి. ఇన్‌స్టియాన్ అను మఱియొక సంస్థ 2022 ఏప్రిల్‌లో ఒక్క మాటయైనను చెప్పకుండ సర్వరులు మూసినది. ఇండ్లలో వేళకు వెలుగవలసిన దీపములు వెలుగలేదు, ఆరవలసినవి ఆరలేదు. అయినను గోడమీటలు పనిచేసినవి గనుక కొన్నవారు కొంత బ్రదికిపోయిరి. ఆ జూన్‌లో ఆ సరకు వాడువారే కొందఱు కూడి ఆ సంస్థను కొని తిరిగి నిలబెట్టుకొనిరి. వారు గృహస్థులు, పట్టుదల గలవారు. మన పురపాలక సంఘము అమెరికాలోని సర్వరును కొని నడుపునని నమ్మువారెవరైన నుండిన చేయెత్తుడు.

మాకు వచ్చు బదుళ్లు మేమెఱుగుదుము. మొదటిది: ఇవి సాంకేతిక విషయములు, సభ్యులకేమి తెలియును, కంపెనీకే వదలుట మేలు. ఈ మాట ధవళేశ్వరమునకు దిగువనున్న వారు అనవలసిన మాట కాదు. 1852లో ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ డెల్టా బ్రదుకంతయు తలుపులపై ఆధారపడినది. ఏ లాకు ఎప్పుడెత్తవలెను, ఏ తూము ఎంత తీయవలెను, ఏ కాలువకు ఏ వంతు, ఇవి ఇంజనీరింగు విషయములే. అయినను మన రైతు వానిని ఇంజనీరుకు వదలి నిద్రపోలేదు. లస్కరు ఏ రాత్రి ఏ తలుపు దించెనో చివరి భూములవానికి తెలియును. తెలిసి తగవు పెట్టుకొనును. 1997లో శాసనసభ నీటి సంఘముల చట్టము చేసి ఆ తలుపులపై రైతులకు చట్టరీత్యా మాట కల్పించినది. అది పరిపూర్ణముగా అమలైనదా కాలేదా అనునది వేఱు వాదము. కాలువ తలుపు ఎవరి చేతిలో నున్నదని అడుగ నేర్చినవాడు కచేరి దీపము ఎవరి చేతిలో నున్నదని అడుగలేడా?

రెండవ బదులు దేశాభిమానులది: విదేశీ కంపెనీని విడిచి దేశీయ కంపెనీనుండి కొన్న చాలును గదా. దేశీయమైనది మాకు ప్రియమే. కాని తాళము వేసినవాడు మనవాడైనంత మాత్రమున తలుపు తెఱచుకొనదు. ఫైలు ఇవ్వని హైదరాబాదు కాంట్రాక్టరును బ్రస్సెల్సు సంఘమును ప్రక్కప్రక్కన నిలిపి చూచిన, ఈ విషయమున ఆ సంఘమే మనకు ఉదారముగా కనబడును. దాని ప్రమాణము అచ్చై లోకమంతటికిని అందుచున్నది.

మూడవ బదులు మా మిత్రులగు యువకులది. కూర్పులే లేని స్వేచ్ఛా సాఫ్టువేరు ఉండగా ఈ పట్టికలతో పని యేమని వారందురు. వారి మాటలో బలము కలదు. ఓపెన్‌హాబ్ 2010లోను, హోమ్ అసిస్టెంట్ 2013లోను పుట్టినవి. రెంటికిని లైసెన్సు రుసుము లేదు, మూలము అందఱికిని తెఱచి యున్నది, సర్వరు మన గదిలోనే యుండును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు తమ కంప్యూటరు చదువును స్వేచ్ఛా సాఫ్టువేరుపైకి మార్చుకొని చెడలేదు. భారత ప్రభుత్వమే 2010లో తెఱచిన ప్రమాణములను గూర్చియు, 2015లో తెఱచిన మూలముగల సాఫ్టువేరును గూర్చియు విధానములు ప్రకటించినది. అయినను ఒక్క సంగతి యువకులు దాచరాదు: కె.ఎన్.ఎక్స్. పరికరములకు తొలి బోధ చేయుటకు నేటికిని ఇ.టి.ఎస్.యే కావలెను, ఈ స్వేచ్ఛా సాఫ్టువేరులు ఆ పిమ్మట వానిని నడుపుటకును చూచుటకును ఉపకరించును. మఱియు ఉచితమైనదానికిని పోషణకు మనిషి కావలెను. ఆ మనిషి జీతము లెక్కలో వేయక ఉచితమని చెప్పుటయు ఒక విధమగు టిక్కుగుర్తే. జీతము వేసి చూచినను, అనేక భవనములకు కలిపి ఒక మనిషిని పెట్టుకొనినయెడల ఇది చౌక యనియే మా యభిప్రాయము.

కూర్పుల పట్టికలో మెఱయు గుణములలో కొన్నింటికి అసలు కూర్పే అక్కఱలేదు. సూర్యాస్తమయమును బట్టి దీపము వెలిగించుట పెద్ద కూర్పులో ప్రత్యేక గుణముగా చూపుదురు. రాజమహేంద్రవరమున మార్గశిరములో సాయంకాలము అయిదున్నర ప్రాంతముననే ప్రొద్దు గ్రుంకును. ఆషాఢములో ఆఱున్నర దాటును. ఊరి అక్షాంశ రేఖాంశములు ఒకసారి చెప్పిన, ఈ లెక్క తానే కట్టుకొను చిన్న టైము స్విచ్చి ప్యానెలు పెట్టెలో ఇమిడిపోవును. వరండాలకును ఆవరణలకును ఇదియే చాలును. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టిన పిమ్మట ఆ నగరమున తొంబదివేలకు పైగా వీధి దీపములను ఎల్.ఇ.డి. దీపములుగా మార్చిరి, ఆ మార్పు వలన కలిగిన ఆదా ప్రధానముగా దీపము మాఱుటవలన కలిగినదే. తొలుత దీపము మార్చుడు, పిదప గడియారము పెట్టుడు, ఆ పిదప సెన్సారు పెట్టుడు, సాఫ్టువేరు మాట కడపట. మన సభలలో ఈ వరుస తలక్రిందులుగా నడుచుచున్నది.

న్యాయవాద వృత్తిలో నున్నవారము గావున చట్టమును గూర్చి యొక మాట. కాపీరైటు చట్టము 52వ విభాగము సాఫ్టువేరును న్యాయముగా పొందియున్నవానికి కొన్ని స్వేచ్ఛలిచ్చినది. నష్టమునకు ముందు జాగ్రత్తగా ప్రతి తీసి యుంచుకొనవచ్చును. వేఱొక సాఫ్టువేరుతో కలిసి పనిచేయించుటకు కావలసిన సమాచారము మఱియొక విధమున సులభముగా దొరకనప్పుడు, దానిని సంపాదించుటకు అవసరమైన పని చేయవచ్చును. ఈ హక్కు మంచిదే. కాని హక్కు గలదని రహస్య సంఖ్య తనంతట తాను బయటికి రాదు. దావా వేసి, వాయిదాలు నడిపి, తీర్పు పొందునప్పటికి ఆ దీపములు మాడిపోయి యుండును. కోర్టుకు పోవలసిన అవసరము లేకుండ ఒప్పందము వ్రాయుటయే న్యాయవాది చేయదగిన సేవ.

ఒప్పందములో ఏమి వ్రాయవలెను? ప్రాజెక్టు ఫైలు, రహస్య సంఖ్యలు, తీగల పటము భవనపు యజమానివని. వాని ప్రతులు రెండు, ఒకటి కమిషనరు కచేరిలోను ఒకటి వేఱొకచోట సీలు వేసిన కవరులోను ఉండవలెనని. మార్పు జరిగినప్పుడెల్ల క్రొత్త ప్రతి చేర్పవలెనని. ప్రతి గదికిని సాఫ్టువేరుతో సంబంధము లేకుండ పనిచేయు మీట యొకటి ఉండవలెనని. ఇంటర్నెట్టు లేని దినమున ఏ పని ఆగునో ఏది సాగునో కాంట్రాక్టరు ముందుగా వ్రాసి సంతకము చేయవలెనని. అద్దె కూర్పైనచో అద్దె ఆపిన మఱునాడు దీపముల గతి యేమో, పదియేండ్ల అద్దె మొత్తమెంతో, టెండరు వెలలోనే చూపవలెనని. పట్టణములో ఐ.టి.ఐ. చదివిన ఇద్దఱు ఎలక్ట్రీషియనులకు ఈ పని నేర్పవలెనని.

ఇవన్నియు కాగితముపై నుండియు వ్యర్థము కావచ్చును. మన దేశములో కాగితములకు కొదవ లేదు. కావున పరీక్ష యొకటి కావలెను. బిల్లులో పదవ వంతు ఆపి యుంచుడు. పని ముగిసిన దినమున, ఆ కాంట్రాక్టరుతో సంబంధము లేని వేఱొక పనివానిని పిలిపింపుడు. కవరులోని ఫైలును అతని చేతికిచ్చి, సభ్యుల యెదుట ఒక గదిలోని రెండు దీపములను వేఱొక మీటకు మార్చుమనుడు. అతడు మార్చగలిగిన బిల్లు చెల్లింపుడు. మార్చలేకపోయిన, తాళపుచెవి ఇంకను చేతికి రాలేదని తెలిసికొని సొమ్ము ఆపుడు. ఈ పరీక్షకు ఒక గంటయు ఒక పనివాని కూలియు చాలును. నిజాయితీగల కాంట్రాక్టరు దీనికి భయపడడు; వారిలో అట్టివారు లేకపోలేదు, పెద్ద కూర్పు అక్కఱలేదని చెప్పి చిన్నదానితో పని ముగించిన వారిని మేమెఱుగుదుము.

కాలము దగ్గఱ పడుచున్నది. 2025 జూన్‌లో రాజమహేంద్రవరమున అఖండ గోదావరి పర్యాటక పథకమునకు శంకుస్థాపన జరిగినది. 1900లో తెఱచి 1997లో రైళ్లకు మూసిన హేవలాకు వంతెనయు, పుష్కర ఘట్టమును ఆ పథకములోనివి. గోదావరి పుష్కరములు 2027లో రావలసియున్నవి. వంతెనకును ఘట్టములకును రంగుల దీపములు పెట్టక మానరు. ఆ దీపములను ఏలుటకు సాఫ్టువేరు కొనక మానరు. తొందఱలో కొన్న సరకునకు తాళపుచెవి అడుగుట మఱచుట లోకస్వభావము. పుష్కరములు పండ్రెండు దినములు. ఒప్పందము ఆ తరువాత ఎన్నియేండ్లు!

మా పాఠకులలో పలువురు పఠనమందిరములలో కూర్చుండి ఈ పత్రికను చదువువారు. వారికొక పని చెప్పెదము. 2005 సమాచార హక్కు చట్టము క్రింద మన రాష్ట్రమున అర్జీకి గ్రామములో రుసుము లేదు, మండలములో అయిదు రూపాయలు, ఆపైని పది రూపాయలు. తమ ఊరి పురపాలక సంఘమునో, క్రొత్త కచేరి కట్టించిన శాఖనో నాలుగు ప్రశ్నలడుగుడు: భవనపు దీపములకు కొన్న సాఫ్టువేరు ఏ కూర్పు, లైసెన్సు ఎవరి పేరనున్నది, దానికి ఏటేట చెల్లించుచున్నదెంత, ప్రాజెక్టు ఫైలును రహస్య సంఖ్యలును ఏ తేదీన ఏ అధికారి వశపఱచుకొనెను. ముప్పది దినములలో బదులు రావలెను. వచ్చిన బదుళ్లను మాకు పంపినచో, ఊరి పేరు సహితముగ ఈ పుటలోనే ప్రకటింతుము.